‘సెక్యూరిటీ’ పెట్టాం, వాచ్‌మెన్లను అడిగారు: నా అనుభవం

మా కంపెనీ నంబర్‌కి వచ్చిన మొట్టమొదటి ఫోన్ ఇప్పటికీ గుర్తుంది. 2017 నవంబర్, ఉదయం పదిన్నర. అవతల ఎవరో పెద్దాయన. "బాబూ, మా అపార్ట్‌మెంట్‌కి రాత్రి డ్యూటీకి ఇద్దరు కావాలి. యూనిఫాం మీరే ఇస్తారా?" అన్నారు. మేం చూసేది కంప్యూటర్ల భద్రతండీ అని చెప్పబోయాను. "కంప్యూటర్లు కాదు నాయనా, పార్కింగ్‌లో బైకులు పోతున్నాయి" అన్నారాయన.

అంతకు ముందే బ్యాంకులో ఇదే తంతు. కరెంట్ ఖాతా కోసం వెళ్తే, కంపెనీ పేరు చివర ‘సెక్యూరిటీ’ అని ఉండటం చూసి, పసారా లైసెన్స్ పట్టుకురమ్మన్నారు. అది 2005 నాటి చట్టం కింద గార్డులను పెట్టే ఏజెన్సీలు తీసుకోవాల్సిన లైసెన్స్. మెమొరాండంలో మేం చేసే పని ఏమని రాశామో చూపించి, సీఏ గారి చేత ఒక లెటర్ రాయించి, మూడు వారాలు తిరిగితే ఖాతా తెరుచుకుంది. తెనాలిలో మా నాన్నగారు "అబ్బాయి సెక్యూరిటీ పెట్టాడు" అంటే, ఊళ్ళోవాళ్ళు "అయ్యో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయిందా" అని ఓదార్చారట.

ఉద్యోగం పోలేదు, నేనే మానేశాను. నేనూ, నా మిత్రుడూ గచ్చిబౌలిలో ఒకే కంపెనీలో, ఒకే టీమ్‌లో పనిచేసేవాళ్ళం. 2017 మే 12న వాన్నాక్రై అనే కంప్యూటర్ వైరస్ వచ్చింది. ఫైళ్ళన్నీ తాళం వేసేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కడితే తీస్తామని తెర మీద ఎర్రటి డబ్బా చూపించేది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీస్ కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. ఆ శనివారం, ఆదివారం ఆఫీసులోనే పడుకుని వేల మెషీన్లకు ప్యాచ్‌లు, అంటే లోపాన్ని పూడ్చే సాఫ్ట్‌వేర్ దిద్దుబాట్లు, ఎక్కించాం. మైక్రోసాఫ్ట్ ఆ ప్యాచ్‌ను రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసింది. పెద్ద కంపెనీలో ఉన్న మాకే రెండు నెలలు తీరిక దొరకలేదు, మరి ఊళ్ళల్లో ఉండే చిన్న బ్యాంకులు, ఆసుపత్రులు, కాలేజీల సంగతేంటి? వాళ్ళకు చెప్పేవాళ్ళెవరు? అలా మొదలైంది మాట. సెప్టెంబర్‌కి ఇద్దరం డైరెక్టర్లుగా, లక్ష రూపాయల క్యాపిటల్‌తో ప్రైవేట్ లిమిటెడ్ రిజిస్టర్ అయింది. కేపీహెచ్‌బీలో ఒక కర్రీ పాయింట్ పైన రెండు గదులు. పదకొండయ్యేసరికి కింది నుంచి పోపు ఘాటు వచ్చి, క్లయింట్‌తో ఫోన్లో మాట్లాడుతుంటే తుమ్ములు.

మొదటి నాలుగు నెలలు ఒక్క క్లయింట్ లేడు. అప్పుడు మా వాడు ఒక ఉపాయం చెప్పాడు. ఊళ్ళో ఉన్న సంస్థల వెబ్‌సైట్లు పైపైన చూద్దాం, ఏదైనా లోపం కనిపిస్తే మర్యాదగా మెయిల్ పెడదాం, సంతోషించి వాళ్ళే పని ఇస్తారు అని. ఒక కోచింగ్ సంస్థ సైట్‌లో, అడ్రస్ బార్‌లో హాల్ టికెట్ నంబర్ చివరి అంకె మారిస్తే ఇంకో పిల్లవాడి ఫొటో, ఫోన్ నంబర్, ఇంటి చిరునామా వచ్చేస్తున్నాయి. స్క్రీన్‌షాట్లతో సహా మెయిల్ పంపాం. రెండు రోజులకు జవాబు వచ్చింది, వాళ్ళ వకీలు దగ్గర్నుంచి. ఐటీ చట్టం సెక్షన్ 66, మూడేళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా.

ఆ రాత్రి మేమిద్దరం అన్నం తినలేదు. మర్నాడు వెళ్ళి, గంటన్నర బయట బెంచీ మీద కూర్చుని, లోపలికి పిలిచాక చేతులు కట్టుకుని క్షమాపణ లెటర్ ఇచ్చి వచ్చాం. రెండు వారాల తర్వాత ఆ లోపాన్ని వాళ్ళు చప్పుడు చేయకుండా సరిచేసుకున్నారు. (ఎలా తెలుసంటే, చూశాం. చూడకుండా ఉండలేకపోయాం.) నిజానికి తప్పు మాదే. అనుమతి పత్రం మీద సంతకం లేకుండా ఎదుటివాడి సర్వర్‌ని ముట్టుకోకూడదన్నది ఈ వృత్తిలో ఓనమాలు. ఆ రోజే వైట్‌బోర్డు మీద పెద్దక్షరాలతో రాశాను: "అడగనిదే చూడొద్దు. ఫైండింగ్ ఫ్రీగా ఇవ్వొద్దు." ఫైండింగ్ అంటే మేం కనిపెట్టిన లోపం. ఆ రాత చెరపకుండా ఏళ్ళ తరబడి ఉంచాం.

మాకు దారి చూపించింది ఒక దొంగతనం. 2018 ఆగస్టులో పుణె కాస్మోస్ బ్యాంకు నుంచి రెండు మూడు రోజుల్లో 94 కోట్లు పోయాయి. నకిలీ కార్డులతో ఎన్నో దేశాల ఏటీఎంలలో ఏకకాలంలో డబ్బు తీశారు. ఆ అక్టోబర్‌లో రిజర్వ్ బ్యాంకు పట్టణ సహకార బ్యాంకులన్నిటికీ సైబర్ భద్రత మీద కనీస నిబంధనలు పంపింది. అప్పటిదాకా మా ఫోన్ ఎత్తని వాళ్ళు ఎత్తడం మొదలుపెట్టారు. కోస్తాలో ఒక చిన్న సహకార బ్యాంకు మా మొదటి అసలైన క్లయింట్. ఐదు బ్రాంచీలు. సర్వర్ గది అంటే పాత లెడ్జర్లు పేర్చిన స్టోర్ రూమే. అడ్మిన్ పాస్‌వర్డ్ మానిటర్ వెనక స్టిక్కర్ మీద రాసి ఉంది. పదకొండు రోజులు అక్కడే లాడ్జిలో ఉండి పనిచేశాం. 31 ఫైండింగ్స్, 140 పేజీల రిపోర్ట్. స్పైరల్ బైండింగ్ చేయించి మురిసిపోతూ తీసుకెళ్ళి ఇచ్చాం.

ఛైర్మన్ గారు డెబ్భై ఏళ్ళ రైతు. పుస్తకాన్ని చేత్తో తూచినట్టు పట్టుకుని, "ఇది ఎవరు చదవాలి బాబూ?" అన్నారు. "నాకు ఒక్కటి చెప్పండి. రాత్రి నా బ్యాంకుకు తాళం పడుతోందా, లేదా? పడకపోతే ఏ తలుపు?"

నేను నీళ్ళు నమిలాను. క్రిటికల్, హై, మీడియం అని రంగులు చూపించబోయాను. మా వాడు మాత్రం ఆయన టేబుల్ మీదున్న తెల్ల కాగితం తీసుకుని, తెలుగులో, చేత్తో రాశాడు. మొదటి తలుపు: ఉద్యోగం మానేసిన ముగ్గురి లాగిన్లు ఇంకా పనిచేస్తున్నాయి. రెండో తలుపు: ఏటీఎం కంప్యూటరూ, టైపింగ్ చేసే కంప్యూటరూ ఒకే తీగ మీద ఉన్నాయి, టైపింగ్ దానికి జబ్బు చేస్తే ఏటీఎందాకా పాకుతుంది. మూడో తలుపు: బ్యాకప్ తీస్తున్నారుగానీ, అది తెరుచుకుంటుందో లేదో ఇంతవరకు ఎవరూ చూడలేదు. ఇలా ఏడు. ఛైర్మన్ గారు కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివి, మేనేజర్‌ని పిలిచి, "మొదటిది సాయంత్రానికల్లా అయిపోవాలి" అన్నారు. అయిపోయింది కూడా. 140 పేజీల పుస్తకం ఎక్కడుందో ఆ బ్యాంకులో ఇప్పుడెవరికీ తెలిసి ఉండదు.

మా కంపెనీ పెరిగిందంటే చాలావరకు ఆ కాగితం వల్లే అని నా నమ్మకం. ఆ తర్వాత ప్రతి రిపోర్ట్ ముందూ ఒక తెలుగు పేజీ పెట్టాం. ఒక ఛైర్మన్ ఇంకో ఛైర్మన్‌కి పెళ్ళి భోజనాల దగ్గర చెప్పేవాడు. ఆసుపత్రుల వాళ్ళు, చిట్‌ఫండ్ల వాళ్ళు, ఒక విత్తనాల కంపెనీ అలాగే వచ్చారు. మార్కెటింగ్‌కి పెట్టిన రెండు లక్షలు మాత్రం గంగపాలు.

2019కి తొమ్మిది మందిమయ్యాం. పెద్ద కాలేజీల పిల్లలు మా మెట్లెక్కేవాళ్ళు కాదు. ఒంగోలు, కర్నూలు, నల్గొండ వైపు కాలేజీల నుంచి, రాత్రంతా మేలుకుని యూట్యూబ్ చూసి, భద్రతా లోపాలు వెతకడానికి వాడే కాలీ లినక్స్ నేర్చుకున్న పిల్లల్ని తీసుకున్నాం. మంచి చేయి ఉన్నవాళ్ళు. ఏడాదిన్నర నేర్పించి, ఈ రంగంలో పేరున్న ఓఎస్‌సీపీ అనే హ్యాకింగ్ నైపుణ్య పరీక్షకు మేమే ఫీజు కట్టి పాస్ చేయిస్తే, నెల తిరక్కుండా మూడింతల జీతానికి ఎగిరిపోయేవాళ్ళు. ఒకసారి ఒకే వారంలో ముగ్గురు. బాండ్ రాయించుకుందాం అన్నాను. "మన చేత రాయించుకుని ఉంటే మనం ఇక్కడ ఉండేవాళ్ళమా?" అన్నాడు మా వాడు. రాయించుకోలేదు. ఇప్పటికీ ఆ విషయంలో ఎవరు రైటో నాకు తేలలేదు.

ఇక సెర్ట్-ఇన్ ఎంప్యానెల్‌మెంట్, అంటే వాళ్ళ ఆడిటర్ల జాబితాలో చేరడం. ఈ రంగంలో ఎదగాలంటే దాటాల్సిన గేటు ఇది. సెర్ట్-ఇన్ అంటే సైబర్ దాడుల వ్యవహారం చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, ఢిల్లీలో ఉంటుంది. వాళ్ళ జాబితాలో ఉన్న ఆడిటర్ ‘సేఫ్ టు హోస్ట్’ అని సర్టిఫికెట్ ఇస్తేనే ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) సర్వర్ల మీదికి ఎక్కుతాయి. బ్యాంకులూ ఆ జాబితాలో ఉన్నారా అనే ముందు అడుగుతాయి. జాబితాలోకి రావాలంటే ఇప్పటికే చేసిన ఆడిట్లు చూపించాలి. పెద్ద ఆడిట్లు దొరకాలంటే జాబితాలో ఉండాలి. పెళ్ళి కుదిరితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కుదరదు!

ముందు కాగితాలు: ఎంతమంది టెక్నికల్ వాళ్ళున్నారు, ఎవరికి ఏ సర్టిఫికేషన్ ఉంది, ఏ ఆడిట్లు చేశారు, ఏ టూల్స్ వాడతారు. తర్వాత ప్రాక్టికల్ పరీక్ష. లోపాలు దాచిపెట్టిన సిస్టమ్ ఒకటి ఇస్తారు, అవి కనిపెట్టి రిపోర్ట్ రాసి పంపాలి. మొదటిసారి మేం అక్కడే బోర్లా పడ్డాం. ఎందుకు పోయిందో తర్వాత కూర్చుని చూసుకుంటే, లోపాలు తనంతట తానే వెతికే సాఫ్ట్‌వేర్, స్కానర్, చెప్పినవన్నీ రాశాం, స్కానర్‌కి తెలియనివి రాయలేదు. అంత మంది క్లయింట్లు వచ్చేసరికి మాకే తెలియకుండా టూల్ నడపడం, పీడీఎఫ్ తీయడం అలవాటైపోయింది. నాకు సిగ్గేసింది. ఆరు నెలలు శనివారాలు పని ఆపి, టూల్ లేకుండా చేత్తో వెతకడం మళ్ళీ మొదటి నుంచి సాధన చేశాం. నేను కూడా పిల్లల పక్కన కూర్చుని చేశాను. ఇరవై మూడేళ్ళ కుర్రాడు నాకంటే ముందు కనిపెడితే కడుపు మండేది, లోపల సంతోషంగానూ ఉండేది.

ఈలోగా కరోనా. 2020 మార్చి తర్వాత మూడు నెలలు ఒక్క రూపాయి రాలేదు, మా ఆవిడ గాజులు కుదువపెట్టి జీతాలిచ్చాం. ఆ సంగతి ఇక్కడితో ఆపేస్తాను. జూలై నుంచి కథ తిరగబడింది. ఇంటి నుంచి పని అని అందరూ ఆఫీసు కంప్యూటర్లకు రిమోట్ డెస్క్‌టాప్ దారి బార్లా తెరిచిపెట్టారు. ర్యాన్సమ్‌వేర్ వాళ్ళు, అంటే ఫైళ్ళకు తాళం వేసి డబ్బు గుంజేవాళ్ళు, ఆ తలుపులోంచే దూరారు. మాకు ఊపిరాడనంత పని.

2021లో రెండోసారి దరఖాస్తు చేసి, పరీక్షలన్నీ దాటాం. జాబితాలో మా పేరు చూసిన రోజు కర్రీ పాయింట్ ఆయన అందరికీ పెరుగు వడలు పంపించాడు, డబ్బులు తీసుకోలేదు. సరిగ్గా ఆ డిసెంబర్ 10, శుక్రవారం, లాగ్‌ఫోర్‌జేలో లోపం బయటపడింది. జావా ప్రోగ్రాములు ఏం జరిగిందో రాసుకోవడానికి వాడే చిన్న లైబ్రరీ అది. లాగిన్ పేరు గడిలో ఒక ప్రత్యేకమైన వరుస టైప్ చేస్తే చాలు, సర్వర్ దాన్ని రాసుకుంటూ రాసుకుంటూ బయటి నుంచి కోడ్ తెచ్చుకుని నడిపేది. తీవ్రత పదికి పది. "మా దగ్గర జావానే లేదండీ" అన్న ఆసుపత్రిలో నాలుగు చోట్ల దొరికింది, అందులో ఒకటి హాజరు వేసే మెషీన్ సాఫ్ట్‌వేర్‌లో. 2.15 వెర్షన్ పెట్టుకోండని అందరికీ మెయిల్ పంపిన మూడో రోజుకే అది చాలదు 2.16 అన్నారు, ఆ వారంలోనే 2.17 అన్నారు. "ఏంటండీ, రోజుకో మాట చెబుతారు" అని మమ్మల్ని తిట్టినవాళ్ళున్నారు. ఆ పదిహేను రోజులకు ఎవరికీ అదనంగా బిల్లు వేయలేదు. వేయాల్సిందని మా అకౌంటెంట్ ఇప్పటికీ అంటుంది.

డబ్బు గురించి చెప్పకపోతే ఇది అబద్ధం అవుతుంది. బయటికి మేం ఏటా పెరుగుతున్నట్టే కనిపించేవాళ్ళం. లోపల, మార్చిలో వేసిన బిల్లుకు 18 శాతం జీఎస్టీ ఏప్రిల్ 20కల్లా మేం కట్టేయాలి. క్లయింట్ దగ్గర్నుంచి, టీడీఎస్ కోసుకుని, ఆగస్టుకి వస్తే అదృష్టం. రాని డబ్బు మీద పన్ను కట్టడానికి ఓవర్‌డ్రాఫ్ట్. చిన్న సంస్థలకు 45 రోజుల్లో చెల్లించాలని చట్టం ఉంది, ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఫిర్యాదు చేశాక ఆ క్లయింట్ మళ్ళీ మన మొహం చూస్తాడా? ఒక్కసారీ చేయలేదు. ఆలస్యం చేసిన మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోకూడదని ఆదాయపు పన్ను చట్టంలో మార్పు తెచ్చాక, 2024 మార్చి ఆఖరి వారంలో మూడు పాత బిల్లులు వరసగా జమయ్యాయి. అందులో ఒకటి వస్తుందని నేను ఎప్పుడో ఆశ వదులుకున్నది.

ఎంప్యానెల్ అయ్యాక ఇంకో రకం టెన్షన్ మొదలైంది. జనం సంతకం కోసం వచ్చేవాళ్ళు. ఒక సంస్థ పోర్టల్ తయారుచేసి, సోమవారం ప్రారంభోత్సవం పెట్టుకుని, గురువారం మా దగ్గరికొచ్చింది. శుక్రవారం సాయంత్రానికి మా పిల్లలు చూసిందేమిటంటే, ఓటీపీ ఫోన్‌కి వెళ్ళడమే కాకుండా బ్రౌజర్‌కీ వచ్చేస్తోంది. అంటే ఎవరి నంబర్‌తోనైనా ఎవరైనా లోపలికి పోవచ్చు. సర్దుకుని రండి, ఆదివారం కూర్చుని రీటెస్ట్ చేస్తాం అన్నాను. "సర్టిఫికెట్ ముందు ఇవ్వండి సార్, తర్వాత నిదానంగా సరిచేస్తాం" అన్నారు. ఇవ్వలేదు. సోమవారం ప్రారంభోత్సవం జరిగింది. సంతకం ఎక్కడ దొరికిందో నేను అడగలేదు. మా బిల్లు రాలేదు, ఇక రాదు కూడా. ఆ తర్వాత రెండు టెండర్లలో మాకంటే మూడో వంతు రేటుకు ఎల్-1 (అందరికంటే తక్కువ ధర కోట్ చేసినవాళ్ళు) అయినవాళ్ళను చూశాను. పది పేజీల వెబ్ అప్లికేషన్‌ను ఆ డబ్బుకు మనిషి కూర్చుని చూడటం కుదరదు. లెక్క వేస్తే కరెంటు ఖర్చు కూడా రాదు.

మా వాడితో తేడా వచ్చింది ఇక్కడే. ఈ సర్వీసు పనిలో మనుషుల్ని పెంచితేనే ఆదాయం పెరుగుతుంది, ఒక ప్రొడక్ట్ చేద్దాం, పెట్టుబడి తెద్దాం అన్నాడు. నిజమే. పుణెలో కాలిక్యులేటర్లు రిపేర్ చేసిన కైలాష్ కాట్కర్ యాంటీవైరస్ ప్రొడక్ట్ పట్టుకునే 2016లో క్విక్ హీల్ కంపెనీని ఐపీఓ దాకా, అంటే షేర్లు జనానికి అమ్మేదాకా, తీసుకెళ్ళారు. రాయదుర్గంలో టీ-హబ్ (స్టార్టప్‌లకు చేయూతనిచ్చే తెలంగాణ ప్రభుత్వ కేంద్రం) కొత్త భవనం తెరిచిన కొత్తలో, అక్కడ ఇన్వెస్టర్లను కలిశాం. ఒకాయన మా తెలుగు పేజీ చూసి, "బాగుంది, కానీ ఇది స్కేల్ అవదు కదా" అన్నారు. మా వాడు దారి పొడుగునా మాట్లాడలేదు. 2023 జూన్‌లో విడిపోయాం. గొడవ లేదు. షేర్ల విలువ కట్టడానికి వచ్చిన సీఏ గారే ఆశ్చర్యపోయారు, ఇద్దరమూ ఎదుటివాడి వాటా ఎక్కువ రాయమంటున్నామని. అతను వెళ్ళి ఇద్దరు కుర్రాళ్ళతో లాగ్‌లు, అంటే కంప్యూటర్లు రాసుకునే రికార్డులు, చూసే సాఫ్ట్‌వేర్ ఒకటి మొదలుపెట్టాడు. మేం ఇరవై ఆరు మందిమి మాదాపూర్‌కి మారాం. వైట్‌బోర్డు మాత్రం పాతదే తెచ్చాం.

2024లో ఒక పెద్ద క్లయింట్, మీకు ఐఎస్ఓ 27001 (సమాచార భద్రతకు అంతర్జాతీయ ప్రమాణపత్రం) ఉంటేనే కాంట్రాక్ట్ అన్నాడు. అంటే మమ్మల్ని ఇంకొకరు ఆడిట్ చేయాలి. నాలుగు నెలలు పాలసీలు రాశాం. ఆడిటర్ ఒక నెమ్మదైన మనిషి, టీ కూడా వద్దన్నారు. మొదటి రోజు మంటలార్పే సిలిండర్ గడువు దాటిందని రాసుకున్నారు. రెండో రోజు, "గత రెండేళ్ళలో సంస్థ వదిలి వెళ్ళినవాళ్ళ జాబితా, వాళ్ళ అకౌంట్లు మూసిన తేదీలు చూపించండి" అన్నారు. పిల్లలందరివీ ఉన్నాయి, తేదీలతో సహా. ఒక్కరిది లేదు. డైరెక్టర్ కాబట్టి హెచ్ఆర్ జాబితాలో అతని పేరే లేదు. పదకొండు నెలలుగా మా వాడి మెయిల్, రిపోర్ట్‌లు పెట్టే ఫోల్డర్‌తో సహా, తెరిచే ఉంది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడటమంటే ఇదే. ఐదారేళ్ళ కిందట ఆ రైతు ఛైర్మన్‌కి రాసిచ్చిన కాగితంలో మొదటి తలుపు అదే కదా.

మేజర్ నాన్ కన్ఫార్మిటీ, అంటే పెద్ద తప్పు, అని పడింది. సాయంత్రం మా వాడికి ఫోన్ చేశాను.

"ఒరేయ్, నీ లాగిన్ ఇంకా పనిచేస్తోందని నీకు తెలుసా?"

"తెలుసురా. నెలకోసారి చూస్తున్నా, ఎప్పుడు మూస్తారా అని."

"మరి చెప్పి చావొచ్చుగా!"

"నువ్వే కదరా బోర్డు మీద రాశావు, ఫైండింగ్ ఫ్రీగా ఇవ్వొద్దని."